ఎర్ర పికప్‌కు రెండో లైటు

పదకొండేళ్లపాటు ఆ మొగుడూ పెళ్లాలు ఒకే చర్చికి రెండు బండ్లలో వెళ్లారు. ముందు నెస్తోరా తన చిన్న తెల్లకారులో, వెనక సెలెడోనియో ఆర్చులేటా తన పాత పికప్‌లో. పికప్ రంగుల షెడ్డులో ఉన్న రెండేళ్లూ ఆయన నడిచే వెళ్లాడు గాని ఆమె కారెక్కలేదు. ఎందుకని అడిగితే, "ఆవిడ బ్రేకు తొక్కుతుంటే నా కాళ్లు కూడా తొక్కుతాయి. చర్చికెళ్లేసరికి మోకాళ్లు పట్టేస్తాయి" అనేవాడు.

మా ఎస్పన్యోలా ఊరి చుట్టుపక్కల కారు మీద మోజున్న ఏ ఇంట్లోనైనా సెలెడోనియో పేరు తెలుసు. నలభై ఏళ్లు కార్లకు రంగులు వేశాడు. నేలకు ఆనేంత కిందికి దించిన కార్లు, తలుపుల మీద గ్వాదలూపే మాత బొమ్మలున్న కార్లు, అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. ఎండుమిరప తోరణం మీద సాయంత్రపు ఎండ పడితే ఎలా ఉంటుందో ఆయన వేసే ఎరుపు అలా ఉంటుంది. ఒక కోటు వెయ్యడం, ఆరబెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ వెయ్యడం. అలా ఇరవై కోట్లు. ఊరందరి కార్లూ మెరిసిపోతుంటే ఆయన సొంత పికప్ మాత్రం ముప్పై ఏళ్లు బూడిదరంగు ప్రైమర్ అడుగుపూతతోనే తిరిగింది.

అది పంతొమ్మిది వందల యాభై మూడు నాటి బండి. ఆ రోజుల్లో దానికి వెనక ఎడమవైపు ఒక్క లైటే ఇచ్చేవారు. కుడివైపు కూడా కావాలనుకున్నవాళ్లు విడిగా కొనుక్కోవాలి. సెలెడోనియో కొనలేదు. పదకొండేళ్ల కిందట, పొద్దు వాలే వేళ, ఇద్దరూ త్రుచాస్ కొండ దిగి వస్తుంటే మలుపులో వెనకనుంచి గడ్డి లారీ గుద్దింది. ఆ ఒక్క లైటూ ఆ రోజు వెలగలేదు. బల్బు ఎప్పుడు మాడిపోయిందో ఆయన చూసుకోలేదు. నెస్తోరా మూడు నెలలు మెడకు పట్టీ వేసుకుంది. ఆమె మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. పికప్ మాత్రం మళ్లీ ఎక్కలేదు.

ఉద్యోగం మానేశాక ఆయన ఆ బండిని విప్పదీసి కూర్చున్నాడు. రెండేళ్లు పట్టింది. అడుగున చాసిస్‌కు కూడా రంగు వేశాడు, బోల్టులకు కూడా వేశాడు. పూర్తయిన రోజు నెస్తోరా వాకిట్లోకి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనకవైపు ఆగింది.

"ఈ ఈస్టర్‌కు ఊరేగింపులో నీ పక్కన కూచుంటానయ్యా. కాకపోతే వెనక రెండు లైట్లుండాలి. రెండూ వెలగాలి. నేను కళ్లారా చూడాలి" అంది.

ఈస్టర్ ఆదివారం సాయంత్రం రివర్‌సైడ్ రోడ్డు మీద ఈ లోయలోని కార్లన్నీ నత్తనడకన వరస కడతాయి. యాభై ఏళ్ల కిందట వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది ఆ వరసలోనే. అందుకే ఆ మాట విన్నాక సెలెడోనియోకు నిద్ర పట్టలేదు.

కొత్త లైట్లు రెండు తెప్పించాడు. ఈస్టర్ ముందటి శనివారం పొద్దున్నే పని మొదలెట్టాడు. కొత్త రంగు మీద గీత పడకూడదని ప్రతి బోల్టు కిందా రబ్బరు వాషర్ పెట్టాడు. లైటు వెనక రబ్బరు పట్టీ వేశాడు. పసిపిల్లకు జడ వేసినంత నెమ్మదిగా బిగించాడు. స్విచ్ వేశాడు. వెలగలేదు.

బల్బులు మార్చాడు. ఫ్యూజు మార్చాడు. తీగ మొత్తం పీకి కొత్తది లాగాడు. మధ్యాహ్నమైంది. ఎడమది ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది, కుడిదానిలో ఉలుకూ పలుకూ లేదు. వంటింటి కిటికీలోంచి నెస్తోరా చూస్తూనే ఉంది. ఆయన అటు తిరగలేదు.

చివరికి బావమరిది ఎలిసేయోకు కబురు పెట్టాడు. అతను కరెంటు స్తంభాలెక్కి బతికినవాడు, నోరు కాస్త ఎక్కువ.

"ఏంటి బావా, నలభై ఏళ్లలో నన్ను పిలవడం ఇదే మొదలు. ఎవరన్నా పోయారా?"

"నోర్మూసుకుని చూడరా."

ఎలిసేయో ఒక పొడుగు తీగ తీసి, ఒక కొస బ్యాటరీకి తగిలించి, రెండో కొసను లైటు డొప్పకు ఆనించాడు. లైటు భగ్గున వెలిగింది. తీసేశాడు, ఆరిపోయింది. అటువైపుదీ అంతే.

"లైట్లు బంగారంలా ఉన్నాయి బావా. కరెంటు వెళ్లడానికి దారుంది, తిరిగి రావడానికి లేదు. ఎర్తు లేదు."

"ఇనుములోంచి రావాలి గదరా!"

"ఇనుమెక్కడుంది ఇక్కడ? నాకు రంగు తప్ప ఏమీ కనబట్లా. రంగు, రబ్బరు, మళ్లీ రంగు. దోమ దూరే సందు కూడా లేదు, కరెంటెలా దూరుద్ది?"

సెలెడోనియోకు విషయం అర్థమైంది. అర్థమయ్యాకే ముఖం పాలిపోయింది. "ఎంత గీకాలి?" అన్నాడు.

"పావలా బిళ్లంత. లైటు బిగించాక దేవుడికి కూడా కనబడదు."

"నాకు కనబడుద్ది."

ఈ మాటలప్పుడే నెస్తోరా కాపిరోటాడా గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. ఉపవాసపు రోజుల్లో బెల్లం పాకంలో రొట్టె ముక్కలు, జున్ను వేసి చేసే తీపి అది. గిన్నె, చెంచా తమ్ముడి చేతికిచ్చి, మొగుడివైపు చూసింది.

"పావలా బిళ్లంత రంగు నా మెడకంటే ఎక్కువైతే చెప్పెయ్యి. రేపు నా కారులో నేను పోతా. పదకొండేళ్ల నుంచి పోవట్లా?"

గొంతు పెంచకుండానే అంది. ఎలిసేయో గిన్నెలోకి తల దించేసుకున్నాడు.

సెలెడోనియో కాసేపు ఆ ఎరుపు వంకే చూశాడు. రెండేళ్లుగా ఆయన ఆ బండికి కాపలా కాస్తున్నాడు. పిట్టలు వాలకుండా గుడ్డ కప్పేవాడు. షెడ్డు ముందు ఏ పిల్లాడైనా సైకిల్ తొక్కితే తరిమేవాడు. ఎలిసేయో చెంచా పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ అందుకోగానే, "నువ్వు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా. ఇటివ్వు" అన్నాడు.

లైటు విప్పి, రబ్బరు తీసి, తనే గీకాడు. ముందు ఎరుపు లేచింది, తర్వాత బూడిదరంగు, ఆపైన తెల్లటి ఇనుము తళుక్కుమంది. కుడివైపు కూడా గీకాడు. బిగించాడు. స్విచ్ వేశాడు. వెలగలేదు.

"వెనక సామాను డబ్బా కింద కూడా రబ్బరే పెట్టావా బావా? అయితే చాసిస్ దగ్గర ఇంకోటి గీకాలి."

తిడతాడేమోనని ఎలిసేయో రెండడుగులు వెనక్కి వేశాడు. సెలెడోనియో మాత్రం వెల్లకిలా బండి కిందికి దూరాడు. గీకుతూ ఈల వేస్తున్నాడు! అక్కాతమ్ముళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

ఆ ఈల సంగతి తర్వాత పొరుగింట్లో ఉండే నేను అడిగితే చెప్పాడు. "మొదటి గీత ఎవడు పెడతాడా అని రెండేళ్లు హడలి చచ్చాను. ఏ పిల్లాడి సైకిలో, ఏ గులకరాయో అనుకున్నా. నేనే పెట్టేశాక ఇంకేముంది భయపడ్డానికి?"

ఈసారి స్విచ్ వేయగానే రెండు లైట్లూ ఒక్కసారే వెలిగాయి. నెస్తోరా ముప్పై అడుగులు వెనక్కి నడిచి గేటు దగ్గర నిలబడింది.

"తొక్కు! వదులు! మళ్లీ తొక్కు!"

ఏడుసార్లు బ్రేకు తొక్కించింది. ఏడోసారి చేతులు దించి, "చాల్లే, కాళ్లు పడిపోతాయి. అన్నానికి రా" అంది.

మర్నాడు సాయంత్రం ఆమె నీలం గౌను వేసుకుని బండెక్కుతుంటే చేతిసంచీ బకిల్ తలుపుకు తగిలి సర్రుమంది. వేలెడంత గీత. ఆమె గుండె మీద చెయ్యేసుకుంది.

"నాలుగోది" అన్నాడు సెలెడోనియో. "ఎక్కు, ఎక్కు."

ఎలిసేయో తన బండిలో వాళ్ల వెనకే బయల్దేరాడు. పికప్ బ్రేకు పడి రెండు లైట్లూ వెలిగినప్పుడల్లా హారన్ కొట్టాలని అక్క షరతు. ఆ రోడ్డు మీద ఆ సాయంత్రం నడిచేదెంత, ఆగేదెంత! పది గజాలకోసారి బ్రేకు, బ్రేకుకోసారి హారన్. పక్క కార్లవాళ్లు ఇదేదో పెళ్లివారి బండి అనుకుని తామూ మోగించడం మొదలెట్టారు. మొదట హారన్ మోగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసిన నెస్తోరా, వంతెన దాటేసరికి తిరగడం మానేసింది. సీట్లో వెనక్కి వాలి మెడ ఆనించుకుంది.

"ఏమయ్యా" అంది కాసేపటికి, "కిటికీలోంచి చెయ్యి ఊపి వాణ్ణి ఇక ఆపమను. చెవులు పోతున్నాయి."