చాలంటే ఆగని అక్క

హిల్కా చేత రెండు మాటలు పలికించడమంటే మామూలు విషయం కాదు. బట్టల మిల్లులో మగ్గాల రొదలో బతుకంతా పనిచేసింది కదా, ఆ రొదలోనే ఆమె గొంతు పోయిందని టాంపెరే ఊళ్లో ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. అదేం కాదు. ఇంట్లో మాటలన్నీ అక్క సైమీయే వాడేసుకునేది. హిల్కాకు మిగిలింది ఒక్కటే మాట: "చాలు."

పోనీ ఆ మాటైనా పనికొచ్చిందా అంటే, అదీ లేదు. ప్రతి శనివారం సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ హిల్కా ఇంటి సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, చేరేవారు. పై బల్ల అక్కది, కింది బల్ల చెల్లెలిది, గరిటె ఎప్పుడూ అక్కదే. పొయ్యి మీద కాలిన రాళ్లపై ఆవిడ నీళ్లు కుమ్మరిస్తే, ఆవిరి భగ్గుమని లేచి చెవులు చుర్రుమనేవి.

"చాలక్కా, చాలు! ఉడికిపోతున్నాను."

"నోర్ముయ్యవే! బంగాళాదుంపవా ఉడికిపోవడానికి?" అని ఇంకో గరిటె పోసేది సైమీ.

హిల్కా తిట్టుకుంటూ బయటికి ఉరికి మంచులో నిలబడేది. "వచ్చే వారం నిన్ను లోపలికి రానిస్తే ఒట్టు!" అని అరిచేది. వచ్చే వారం తనే ముందుగా పొయ్యి రాజేసేది.

సైమీ పోయాక ఆ పొయ్యి మళ్లీ వెలగలేదు. శీతాకాలమంతా హిల్కా ఆ గదిలో ఉతికిన బట్టలు ఆరేసుకుంది.

అది సైమీ కొడుకు వెసా కంటబడింది. అతనిదో వింత ఉద్యోగం. ఇప్పుడు ఇంట్లో సామాన్లకు కూడా కృత్రిమ మేధ పెడుతున్నారు కదా, ఏ సామాను ఎలాంటి స్వభావంతో మాట్లాడాలో తేల్చడం అతని పని. ఫ్రిజ్‌కు పొదుపు, అలారం గడియారానికి కాస్త కటువు, అలాగన్నమాట. ఒకరోజు కొత్త పొయ్యి తెచ్చి బిగించాడు. మాట్లాడుతుంది, రాళ్లపై నీళ్లు కూడా తనే పోసుకుంటుంది.

"పిన్నీ, దీనికి ఎలాంటి బుద్ధి పెట్టమంటావు?"

"మీ అమ్మ బుద్ధి పెట్టరా."

"అమ్మ గొంతు మాత్రం పెట్టలేను పిన్నీ. నేను వినలేను."

"గొంతెవరడిగారు? బుద్ధి అన్నాను."

వెసా అమ్మను తలుచుకుంటూ ఆ ఎకసెక్కమూ, ఆ వాగుడూ అన్నీ పెట్టాడు.

శనివారం వచ్చింది. పై బల్ల ఖాళీగానే ఉన్నా హిల్కా అలవాటుగా కింది బల్ల మీదే కూర్చుంది.

"ఏమిటే హిల్కా, మొహం అలా మాడ్చుకున్నావు? మాడ్చడానికి నేను లేనూ?" అంది పొయ్యి.

హిల్కాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో! రాళ్లు చుయ్యిమన్నాయి. ఇంకోసారి, మరోసారి. చెవులు చుర్రుమన్నాయి. ఆమె ఆశగా పై బల్ల వైపు చూసింది.

"చాలక్కా, చాలు!"

"అలాగే హిల్కా," అని పొయ్యి ఠక్కున ఆగిపోయింది.

హిల్కా తువ్వాలు చుట్టుకుని, వంటింట్లో కాఫీ తాగుతున్న వెసా ముందుకొచ్చి నిలబడింది. "ఆగిపోయిందేమిట్రా?"

"నువ్వు చాలన్నావుగా పిన్నీ. మనిషి వద్దన్నాక ఒక్క చుక్క పోసినా దాన్ని ఇళ్లలో పెట్టనివ్వరు. అదొక్కటీ నా చేతిలో లేదు."

"మీ అమ్మ ఎప్పుడైనా ఆగిందట్రా?"

హిల్కా మళ్లీ లోపలికి వెళ్లింది. మేకుకు వేలాడుతున్న పాత గరిటె తీసింది, బకెట్ నింపుకుంది, జీవితంలో మొదటిసారి పై బల్ల ఎక్కింది. అక్కడ వేడి మరీ దారుణంగా ఉంది. ఇన్నేళ్లూ అక్క తనకంటే ఎక్కువగా ఉడికిందన్నమాట! ఆ సంగతి ఒక్కసారైనా చెప్పలేదు, మహాతల్లి. హిల్కా ఒక గరిటె పోసింది. ఇంకోటి పోసింది. కింది బల్ల వైపు చూస్తూ మళ్లీ పోసింది.

"హిల్కా, చాలా వేడెక్కింది. ఇక చాలు," అంది పొయ్యి బతిమాలుతున్నట్టు.

"నోర్ముయ్యవే! బంగాళాదుంపవా ఉడికిపోవడానికి?" అని హిల్కా ఏడుస్తూనే ఇంకో గరిటె పోసింది.