కావలికి పోని వాన

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, చేత్తో చేయించి చూపిస్తే పిల్లలకు రాని చదువంటూ ఉండదని. (నమ్మకం ఇప్పటికీ ఉంది, గట్టితనమే తగ్గింది.) కొత్తగా ఉద్యోగమొచ్చి ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్కనున్న చిన్న బడిలో చేరాను. వాతావరణం పాఠం రాగానే పుస్తకం మూసేసి, నీళ్ల బాటిల్ మెడ కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా పెట్టి, పక్కన స్కేలు అంటించి జెండా దిమ్మె మీద నిలబెట్టాను. "వానని కొలిచేది ఇదేరా" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా! వాన కొలిచినవాళ్లని కావలిలో సైన్సు ప్రదర్శనకి రైల్లో తీసుకుపోతానని కూడా అనేశాను.

మా ఐదో తరగతి బుడ్డమ్మ వెంటనే లేచింది. "నేనింతవరకూ రైలెక్కలే సార్. కిటికీ పక్కన నాకే ఇయ్యాల" అంది. ఆ రోజు నుంచి సంచీ పారేయడం, దిమ్మె దగ్గర వంగి చూడటం. వాన మాత్రం మొహం చాటేసింది. బాటిల్లో సాలీడు కాపురం పెట్టింది.

ఒక ఉదయం "సార్, వానొచ్చినాది!" అని బుడ్డమ్మ కేక. వెళ్లి చూస్తే సగం బాటిల్ నీళ్లు! నా సంబరం చూడాలి. పిల్లలందరి చేతా కొలిపించి, బోర్డు మీద రాయించి, చప్పట్లు కొట్టించాను. చుట్టూ ఇసుక పొడిగా ఉందనీ, తీగ మీద నా లుంగీ పెళపెళలాడుతోందనీ తోచలేదు. (సైన్సు టీచర్ని మరి.) చప్పట్లు విని బుడ్డమ్మ అవ్వ వచ్చింది.

"అయ్యో, అది వాన గాదు నాయనా, నేను పోసిన నీళ్లు. పొద్దున్నే వాన కోసరం కప్పతల్లిని ఊరేగిస్తా ఇట్లొచ్చినాం. రోకలికి కట్టిన కప్ప మీద పోయంగా బిందెలో మిగిలినాయి. పిల్లకాయలు దినామూ దీని ముందర వంగి వంగి చూస్తా ఉండారు గదా, ఇది కూడా వానదేవుడే అనుకున్నా."

అప్పుడు కనిపించింది, స్కేలుకి పసుపూ కుంకుమా. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. బుడ్డమ్మ నవ్వలేదు. "అయితే రైలు లేదా సార్?" అంది.

"వాన లేకపోయినా పోదాంలే" అన్నాను.

ప్రదర్శన నాడు తెల్లారేసరికి వాయుగుండం! ఇన్నాళ్లూ రమ్మంటే రానిది కుండపోతగా దిగింది. బుడ్డమ్మ కొత్త గౌను వేసుకుని, బాటిల్ ఒడిలో పెట్టుకుని స్టేషనుకి పోయే ఆటోలో కూర్చుంది. దారిలో వాగు చప్టా మీద నడుంలోతు నీళ్లు. "పోదు సార్" అని ఆటో తిప్పేశాడు డ్రైవరు. ఆ పిల్ల బాటిల్ బయటికి పట్టింది. ఇంటికి చేరేసరికి నిండి పొర్లింది.

"ఇప్పుడు నిజం వానే సార్. ఎవురికి చూపిచ్చేది?"

"వచ్చే ఏడు పోదాం" అన్నాను. ఆ ఏడు రాకముందే నాకు జిల్లా ఆ చివర తడ వైపు బదిలీ అయింది. బుడ్డమ్మ ఆ తర్వాత రైలెక్కిందో లేదో తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మొన్న రైల్లో కావలి దాటుతుంటే వాన పట్టుకుంది. నేను కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ బాటిల్ చువ్వల సందున పెట్టి చూస్తున్నాను. "షట్టర్ దించండి సార్, తడిసిపోతా ఉండాం" అని ఎదురు సీటాయన విసుక్కున్నాడు. "ఈ సీటు నాది కాదండీ, ఒక పిల్లది" అనబోయి, మళ్లీ టికెట్ చూపించమంటాడేమోనని, నవ్వుకుని దించేశాను.