కామాటిపురలో ఐదో గుడ్డు

తల్లిదండ్రులిద్దరిలో ఒక రంగు పైకి కనిపించకుండా దాగి ఉంటే, అది నాలుగింట ఒక పిల్లకు బయటపడవచ్చని మా బయాలజీ మేడం బోర్డు మీద గళ్లు గీసి చెప్పారు. దాన్ని అంతర్గత లక్షణం అంటారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, బస్సులో కూడా లోలోపల అనుకుంటూ కూర్చునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే ముంబై నుంచి యాదగిరన్న ఫోన్ చేశాడు. "పుస్తకంల చదివింది కండ్లతోని చూస్తవా? గుడ్లు పగులుతున్నయ్, రా."

యాదగిరన్న మా పెదనాన్న కొడుకు. ముంబైలోనే పుట్టాడు. ఇళ్లకు వెళ్లి చేపల తొట్లు శుభ్రం చేసే పని. ఇల్లు మారుతున్న ఒకాయన తన బాల్ పైథాన్ల జంటను నమోదు కాగితాలతో సహా అన్నకు ఇచ్చేశాడు. విషం లేని ఆఫ్రికా పాములు, బెదిరితే బంతిలా చుట్టుకుంటాయి. రెండూ గోధుమరంగువే. కానీ రెండింటి వంశంలోనూ వెనక తెల్లపాము ఉందని ఆయన చెప్పాడట.

హైదరాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే తెల్లవారేసరికి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్. అక్కడి నుంచి స్లో లోకల్లో ఐదు రూపాయల టికెట్‌తో బైకుల్లా స్టేషన్‌కు వచ్చాను. ఇటువైపు ఆటోలు రావు, టాక్సీయే దిక్కు. ఎర్రదీపాల పేటగా పేరుపడ్డ కామాటిపుర అనగానే డ్రైవర్ అద్దంలోంచి నన్నూ, నా ఒళ్లోని పచ్చడి డబ్బానూ చూశాడు. "అక్కడికి పచ్చడి పట్టుకుపోయేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూస్తున్నా" అన్నాడు హిందీలో. మా అన్నవాళ్ల ఇల్లు అక్కడుందని చెప్పాక నవ్వి, గల్లీ లోపలిదాకా దింపాడు.

వరుసగా గదులుండే పాత చాల్‌లో, రెండో అంతస్తులో వాళ్లది ఒకే గది. చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మకోల్ పెట్టెలో, వెచ్చటి తడి మట్టి మీద ఐదు గుడ్లు. మూడింటికి అప్పటికే చీలిక పడి ముక్కులు బయటికొచ్చాయి. మూడూ గోధుమరంగే.

సుజాత వదిన టీ ఇస్తూ అసలు సంగతి చెప్పింది. వాళ్ల ఆరేళ్ల పింకీకి పిల్లికళ్లు. ఇంట్లో ఇంకెవరికీ లేవు. వాళ్ల అమ్మమ్మకు అలాంటి కళ్లే ఉండేవని వదినకు గుర్తు, తన ముత్తాతకూ ఉండేవని అన్న విన్న గుర్తు. కానీ పాప పుట్టిననాడే పక్కింటి పోశవ్వ గదుల వెంట సాగే గ్యాలరీలో అందరి ముందూ "ఎవరి పోలికనో!" అంది. అప్పట్నుంచి నల్లా దగ్గర వదిన కనిపిస్తే మాటలు ఆగిపోతాయి.

"నేనెవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు తమ్మీ. అయినా ఒక్క తెల్లది రావాలె. గ్యాలరీ మొత్తం పిలుస్త."

మధ్యాహ్నం నాలుగోది చీలింది. గోధుమరంగు. పోశవ్వ గడప దగ్గర నుంచే, "ఏమొచ్చిందే?" అంది.

"ఇంకోటుంది అవ్వా" అంది వదిన, తల తిప్పకుండా.

ఐదోది కదల్లేదు. బ్లేడుతో కొంచెం కోద్దామా అన్నాను. "వద్దు, అదే వస్తది" అన్నాడు అన్న. నా తిరుగు రైలు ఆ రాత్రికే. బ్యాగు సర్దుకుంటుంటే, దీపాలు పెట్టే వేళకు పింకీ నా చొక్కా పట్టుకు లాగింది. "కాకా, బఘ్ నా! చూడు!"

గుడ్డు మీద సన్నటి చీలిక. అందులోంచి పసుపు కలిసిన తెల్లటి ముక్కు, వెనకాలే దానిమ్మ గింజలాంటి కన్ను.

వదిన కేక పెట్టలేదు. పోశవ్వను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి టార్చి ఇచ్చింది. ముసలామె వంగి చాలాసేపు చూసింది. "తల్లీ తండ్రీ రెండూ మట్టిరంగేనాయె. ఇదెవరి పోలికనే?"

"దీని తల్లి పెట్టె దాటి ఎక్కడికీ పోలే అవ్వా. మూతకు తాళం గూడ ఉంది."

గ్యాలరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. పోశవ్వ టార్చి ఆర్పి, పింకీ గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. "నా నోరు పడ" అని మెల్లగా అంది. తర్వాత, "ఇగ ఎప్పుడన్న నల్లా కాడ నా బిందె ముందు నీ బిందె పెట్టుకో సుజాతా."

"ఎప్పుడన్న ఎందుకు, రేపే పెడత" అంది వదిన.

ఆ రాత్రి నేను రైలెక్కలేదు. నాలుగింట ఒకటి అని రాసి మార్కులు తెచ్చుకున్నప్పుడు, నాలుగూ గోధుమరంగువే వరుసగా వస్తుంటే ఒక మనిషి ఎలా ఎదురుచూస్తుందో నాకు తెలియదు. అంతర్గతం అంటే పోయినట్టు కాదు, ఇంకా రాలేదని మాత్రమే. మర్నాడు పొద్దున నల్లా దగ్గర వదిన అందరికీ వినిపించేలా మాట్లాడుతుంటే పైనుంచి విన్నాను.

మీరూ ఎవరింట్లోనైనా పాము గుడ్లు పగలడం చూడటానికి వెళ్తుంటే ఒక్క సలహా. చీలిక పడ్డాక కూడా పిల్ల బయటికి రావడానికి ఒకరోజు పైనే పట్టొచ్చు. తిరుగు టికెట్ అదే రాత్రికి తీసుకోకండి.