దుబాయ్‌లో ఎండ తగలని పద్నాలుగు నెలలు

మూడేళ్ల క్రితం కార్తీకంలో, వానాకాలం వడ్లు మిల్లులకు దిగుతున్న రోజుల్లో, కోటగిరి దారిలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ అటెండెంటుగా చేరాను. చేరడానికి ముందు జరిగిన ఇంటర్వ్యూ సంగతి ఇది. ఆ పని నుంచి ముప్పై రెండో ఏట రిటైరయ్యాను. ఇప్పుడు బాన్సువాడలో వెల్డింగ్ దుకాణం నడుపుతున్నాను. రిటైరైన రోజు ఎవరూ శాలువా కప్పలేదు. రెండేళ్లు బాయిలర్ పక్కన నిలబడ్డవాడికి శాలువాతో పనీ లేదు.

బాయిలర్ అటెండెంటు అంటే వడ్లు ఉడికించే ఆవిరిని కాచుకుని కూర్చునేవాడు. పొయ్యిలో ఊక మండాలి, గాజుగొట్టంలో నీటిమట్టం గీత దిగకూడదు. దిగితే బాయిలరే పేలిపోవచ్చు కాబట్టి ప్రభుత్వం పరీక్ష పెట్టి మరీ సర్టిఫికెట్ ఇస్తుంది. నాది సెకండ్ క్లాస్. అది హోదా పేరే తప్ప నా మార్కుల సంగతి కాదు. పెళ్లిచూపుల్లో ఈ ముక్క చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

సర్టిఫికెట్‌కు ఏ లోపమూ లేదు. ఇబ్బందల్లా దాని తర్వాతి పద్నాలుగు నెలల ఖాళీతోనే. నాకు వెన్నుపూసకు టీబీ వచ్చింది. కొన్ని నెలలు మంచం, కొన్ని నెలలు నడుముకు పట్టీ, అన్ని నెలలూ మందులు. నయమైంది. అక్క ఇంట్లో రోజుకు రెండు గుడ్లు తింటూ తెల్లగా, లావుగా తయారయ్యాను. మిల్లు పనులు సీజన్ మొదట్లోనే నిండిపోతాయి. అప్పుడు దొరక్కపోతే యాసంగి వడ్లు వచ్చేదాకా మళ్లీ అవే గుడ్లు.

మొదట బిచ్కుంద వైపు ఒక మిల్లుకు వెళ్లి నిజమే చెప్పాను. కాకపోతే యముడితో బేరమాడి వచ్చినట్టు చెప్పాను. టీబీ అన్న మాట దగ్గరే యజమాని కుర్చీ వెనక్కి జరిపాడు. మిగతా కథ గోడ విన్నది. ఫోన్ చేస్తామన్నాడు. నంబరు మాత్రం అడగలేదు.

ఇంటికొస్తే మా బావ తిట్టాడు. "అకల్ ఉందారా నీకు? దుబాయ్ పోయొచ్చిన అను. మన దిక్కు మనిషి కనవడకపోతే దుబాయ్ పోయిండనే అనుకుంటరు." అది నిజమే. మా వాడకట్టులో సగం మంది అప్పటికే నన్ను దుబాయ్ పంపేశారు.

కోటగిరి మిల్లులో సేటు, మేనేజరు మోయిన్ భాయ్ కూర్చున్నారు. పద్నాలుగు నెలలు ఏం చేశావని సేటు అడిగాడు. దుబాయ్‌లో ఉన్నానన్నాను. మోయిన్ భాయ్ నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"నేను గూడ తొమ్మిదేండ్లు ఆడనే ఉన్న తమ్మీ. పోయినోళ్లందరు బొగ్గు లెక్క వచ్చిన్రు. నువ్వేంది, పాల ప్యాకెట్ లెక్క వచ్చినవ్?"

"లోపల పని భాయ్."

"ఏ లోపల? జైలా?"

సేటు నవ్వలేదు. నేను లేవబోతుంటే మోయిన్ భాయ్ ఒక లాగ్‌బుక్ నా ముందుకు తోశాడు. ఆవిరి ఒత్తిడి, నీటిమట్టం గంటగంటకూ రాసే పుస్తకం అది. "దుబాయ్ ముచ్చట పక్కకు పెట్టు. గిది చూసి చెప్పు, ఈ బాయిలర్‌కు రేపు అగ్గి ముట్టిస్తవా?"

తిరగేశాను. మధ్యలో పందొమ్మిది రోజులు ఖాళీ. తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ అంకెలు.

"ముట్టియ్య. ఎందుకు ఆపిన్రో రాయలే. ట్యూబ్ లీకయ్యిందో, పండుగకు ఆపిన్రో నాకేం ఎరుక?"

"పందొమ్మిది రోజుల ఖాళీకే నువ్వు అగ్గి ముట్టియ్యవ్. పద్నాలుగు నెలల ఖాళీ ఉన్నోనికి సేటు బాయిలర్ ఎట్ల అప్పజెప్తడు?"

అది వచ్చినవాళ్లందరికీ పెట్టే పరీక్ష అనీ, అందుకే ఆ పాత పుస్తకం దాచారనీ తర్వాత తెలిసింది. ఆ ప్రశ్నకు బావ జవాబు నేర్పలేదు. కాబట్టి లాగ్‌బుక్‌లో రాసినట్టే చెప్పాను. ఆగిన కారణం: వెన్నుపూసకు టీబీ. మరమ్మతు: మందులు పూర్తయ్యాయి, ఇంకొకరికి అంటదు. తనిఖీ: డాక్టరు చూసి, పనికి ఫిట్ అని రాసిచ్చాడు. షరతు: బరువులు ఎత్తకూడదు.

చెప్పి సేటు కుర్చీ వైపు చూశాను. కదల్లేదు. అది గోడకు ఆనుకుని ఉంది, కదలడానికి చోటు లేదు. అయినా శుభశకునంగానే తీసుకున్నాను.

"బస్తాలు ఎత్తనీకి హమాలోళ్లున్నరు," అన్నాడు సేటు. "నువ్వు గాజుగొట్టం చూస్తె చాలు. పొద్దుగాల డాక్టర్ కాయిదం తీస్కరా. గీ దుబాయ్ ముచ్చట ఎవడు నేర్పిండు?"

"మా బావ."

"ఆయన్ని మాత్రం తీస్కరాకు."

మర్నాడు కాగితం చూపించి, వారం రోజుల ట్రయల్ మీద పనిలో చేరాను. ఆ వారం నాలుగు సీజన్లు నడిచింది.

బాయిలర్ ఆగడం తప్పు కాదు. ఎందుకు ఆగిందో రాయకపోవడం తప్పు. మనిషికీ అదే లెక్క. తర్వాత ఎవరు అడిగినా నాలుగు ముక్కలే చెప్పాను: ఎందుకు ఆగింది, ఏం బాగుచేశారు, ఎవరు పరీక్షించారు, ఏం ఎత్తకూడదు. ఐదో ముక్క మొదలుపెడితే కుర్చీలు జరుగుతాయి.