ముప్పై రికార్డుల్లో గులాబీ రంగు

యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో అందరూ బాబాయ్ అని పిలిచే అటెండరుకు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా రాలేదు. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. మచ్చలేని ఆ చరిత్రను భార్య ముందు రోజుకోసారైనా వల్లించేవాడు. ఆవిడ వినడం మానేసి చాలాకాలమైంది.

ఆ సోమవారం ఆమ్లంలోకి చుక్కచుక్కగా క్షారం వదిలి, రంగు మారేచోట ఆపే ప్రయోగం. రంగు తెలిపే మందు నిండుకుంది. ముందుగా ఎందుకు తెప్పించలేదని అడుగుతారన్న జంకుతో, బాబాయ్ ప్రయోగాలు చేయించే మేడమ్‌కు చెప్పకుండా పాత సీసాల్లోనే మిథైల్ ఆరెంజ్ అనే వేరే మందు పోసి, పాత చీటీలతోనే బల్లల మీద సర్దాడు. ఎప్పుడూ వాడే మందయితే రంగులేని ద్రవం గులాబీకి తిరగాలి. ఇదైతే ఎర్రగా ఉన్నది పసుపుకు తిరుగుతుంది. మేడమ్ మీటింగులో ఉన్నారు. పిల్లలు ఇట్టే పట్టేస్తారని అతడు గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరూ నోరెత్తలేదు.

రికార్డులు వచ్చాక గుట్టు తెలిసింది. క్లాసులోని ముప్పై ఒక్కరిలో ముప్పై మంది ఏఐని అడిగి రాసుకొచ్చారు. ముప్పై రికార్డుల్లోనూ ద్రవం ముచ్చటగా గులాబీకి తిరిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, చివరి బల్ల అమ్మాయి మాత్రం ఎరుపు, పసుపు అని రాసింది. ఆమె అడిగిందీ ఏఐనే. కాకపోతే తన కంటికి కనబడింది చెప్పి, ఇలా ఎందుకయిందని అడిగింది. సీసాలో మిథైల్ ఆరెంజ్ ఉండవచ్చని అది చెప్పిన మాటను కూడా దాచకుండా రాసింది.

మేడమ్ ముప్పై సాక్ష్యాలకు ఎదురుగా ఒక్క సాక్ష్యాన్ని తూచి, ప్రయోగం చేయకుండా కథ అల్లిందని సున్నా వేశారు. సున్నా వస్తే ఏడాదంతా మళ్లీ ల్యాబు చేయాలి.

"నేను చూసిందే రాశాను మేడమ్," అని అమ్మాయి కదలకుండా నిలబడింది.

సీసాలు తుడుస్తున్న బాబాయ్ చేయి ఆగింది. నాలుగు నెలలు నోరు కుట్టేసుకుంటే తన గండం గడిచినట్టే. పిల్ల గండమో?

"అమ్మాయి రాసిందే నిజం మేడమ్. సీసాలో మందు మార్చింది నేను."

మేడమ్ సున్నా కొట్టేశారు. సీసా చూడకుండా తీర్పు చెప్పడం తన పొరపాటని ఒప్పుకున్నారు. ముప్పై మందినీ తన ఎదుటే మళ్లీ ప్రయోగం చేయమన్నారు. బాబాయ్‌కు మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో రానే వచ్చింది.

ముందు బల్ల కుర్రాడు జాలిపడి ఫోను తీశాడు. "సంజాయిషీ ఏఐతో రాయించనా బాబాయ్? నిమిషం పని."

"ఇక్కడే ఉన్న నువ్వే చూడలేదు నాయనా, అదేం చూసిందని రాస్తుంది?" అంటూ బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని, తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాడు.