బాబో చేతుల మీద నీళ్ళు

పొగాకు తోట తప్ప స్టెర్యోస్‌కి మరో లోకం తెలియదనేవారు ఊళ్ళో. భార్య మారిగో కాన్పయిన కొన్నాళ్ళకే జ్వరమొచ్చి కన్నుమూసింది. ఒళ్ళో పసిగుడ్డు లెమొన్యా మిగిలింది. పాలు ఊళ్ళో బాలింతలు పట్టారు. ఉయ్యాల ఊపడం, గుడ్డలుతకడం, రొట్టెపిండి కలపడం మాత్రం అన్నీ అతనే నేర్చుకున్నాడు. మొదట్లో ఆ రొట్టెలు కుక్కలు కూడా వాసన చూసి వదిలేసేవి.

"మగాడు బయట, ఆడది లోపల. ఎవరి పని వాళ్ళు చేస్తేనే సంఘం నిలబడేది," అనేవాడు బడిపంతులు కాఫీ కొట్టులో పేకముక్కలు పంచుతూ. ఆయన భార్య బడీ ఊడ్చేది, ఇల్లూ ఊడ్చేది. ఆవిడ ఎక్కడ నిలబడాలో మాత్రం పంతులు ఎన్నడూ చెప్పలేదు.

స్టెర్యోస్ అక్క జుంబులియాదీ పంతులు మాటే. జనవరిలో సెర్రెస్ పట్నం నుంచి వచ్చి కూర్చుంది. "పిల్లని రేపటి బస్సుకి తీసుకుపోతాన్రా. ఆడదిక్కు లేని కొంపలో ఆడపిల్లేంటి?" అంది. స్టెర్యోస్‌కి ప్రాణం పోయినట్టయింది. అయినా పిల్ల గుడ్డలు మూటగట్టాడు. అక్క మాటే నిజమేమోనని అతనికీ అనుమానం.

మర్నాడే మంత్రసాని పండగ. ఏడాదికి ఆ ఒక్కరోజు ఆడవాళ్ళు కాఫీ కొట్టెక్కి వైన్ తాగుతూ పేకాడతారు, మగాళ్ళు ఇంట్లో అంట్లు తోముతారు. వీధిలో కనబడ్డ మగాడికి బిందెలతో స్నానమే. మిగతా ఏడాదంతా తమదే కనక మగాళ్ళు ఆ ఒక్కరోజుకీ పెద్దమనసు చేసుకుంటారు!

జుంబులియా కూడా సాయంత్రం బస్సు దాకా సరదాకని కొట్టుకే వెళ్ళింది. ఇంట్లో లెమొన్యాకి ఒళ్ళు కాలిపోసాగింది. స్టెర్యోస్ ఆ కంగారులో పండగ సంగతే మరిచాడు. పిల్లని కోటులో చుట్టుకుని మంత్రసాని కిరాత్సో కోసం పరుగెత్తాడు. ఊరంతా బాబో, అంటే అవ్వ, అని పిలిచే ముసలావిడ ఆవిడే. దారిలో కాఫీ కొట్టు గుమ్మం దగ్గర ఆడవాళ్ళు కేకలేస్తూ నీళ్ళు కుమ్మరించారు. అతను పిల్లని గుండెకి అదుముకుని వీపు తిప్పాడు.

"చూశారా! ఇంత చలిలో పసిదాన్నేసుకుని వీధిన పడ్డాడు. మగాడి పెంపకం ఇదీ!" అంది జుంబులియా.

కొట్టులో కూర్చున్న బాబో లేచొచ్చి పిల్ల చిగుళ్ళు వేలితో తడిమింది. "పన్నొస్తోంది, అంతే. ఏం చేశావురా?"

"చామంతి కషాయం పట్టా. నుదుటికి తడిగుడ్డ వేశా."

"ఇంకేం! మరా పరుగేంటి?"

"భయమేసింది బాబో."

బాబో కొట్టంతా కలయజూసింది. "తొలిచూలు బిడ్డకి ఒళ్ళు వెచ్చబడితే నా గుమ్మం తొక్కనిది మీలో ఎవతే? జుంబులియా, పుట్టింటికి పురిటికొచ్చినప్పుడు నువ్వైతే చెప్పుల్లేకుండా వచ్చావు."

అందరూ గొల్లుమన్నారు. జుంబులియా తల దించుకుంది.

ఆ పండగనాడు బాబో చేతులు కడిగే భాగ్యం తల్లులది. చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళని ఆగమని, బాబో అతని ముందు చేతులు చాపింది. "రారా, నీళ్ళు పొయ్యి."

"అది తల్లులు కదా..."

"తల్లినే పిలిచా."

పిల్లని పంతులు భార్యకిచ్చి స్టెర్యోస్ చెంబందుకున్నాడు. "నా బిడ్డకి పాలిచ్చినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. మీ రుణం తీర్చుకోలేనమ్మా," అంటూ నీళ్ళతోపాటు కన్నీళ్ళూ కార్చాడు.

జుంబులియా లేచొచ్చి, బాబో చేతులు తుడవాల్సిన తువ్వాలుతో తమ్ముడి తల తుడవసాగింది.

"నేనొక్కదాన్నే పోతాలే బస్సుకి. ముందు ఒళ్ళు తుడుచుకో. నువ్వు మంచాన పడితే పిల్లనెవరు చూస్తార్రా?"