గుగ్గిలం పూసిన బండి

మా ఆయన తవిటయ్యకు రెండు నమ్మకాలుండేవి. ఉప్పుగాలికి తట్టుకోలేనిదేదీ పొడంపేటలో బతకదని ఒకటి. పడవకి ఏది మంచిదో ఇంట్లో ప్రతి వస్తువుకీ అదే మంచిదని రెండోది. పడవకి మేం గుగ్గిలం కలిపి కాచిన చేపనూనె పూస్తాం. అది ఎండితే చెక్కలోకి చుక్క నీరు దిగదు. మా ఆయన దాన్ని తలుపు గొళ్లేనికి, బావి గిలకకి, చివరికి నా కుట్టుమిషనుకి కూడా పూశాడు. దాని మీద నేను కుట్టిన జాకెట్లు ఆరు నెలలు చేపవాసన కొట్టాయి. మా ఊళ్లో కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

పడవ మనుషుల ఇంట్లో పుట్టాడే గాని నీటి మీద ఆయనకి తల తిరిగేది. అన్నదమ్ములు వలకి వెళితే తను ఒడ్డున చేపలు తూచేవాడు. అది లోపల ఒక ములుకు. పెళ్లయిన నాలుగో ఏట బరంపురం నుంచి ఒక పాత మోటారు సైకిలు తోలుకొచ్చి, "ఇదే నా తెప్ప" అన్నాడు. మా అత్త కాసులమ్మ దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు ఆయన గుగ్గిలం పూశాడు. ఏటా పడవలకి పూసినప్పుడల్లా దానికీ ఒక పూత పడేది.

ఆ బండి మీద రోజూ తెల్లవారుజామునే చేపల బుట్టలు కట్టుకుని ఖల్లికోట వెళ్లేవాడు. అక్కడ వైకుంఠరావు అనే షావుకారు వాటిని పొద్దుటి రైలుకి ఎక్కించేవాడు. బండికి ఉన్నది ఆరు వోల్టుల దీపం. గట్టిగా తోలితే వెలిగేది, ఇసుకలో నెమ్మదిస్తే ఆరిపోతున్న చుట్టలా ఎర్రబడేది. మా తీరానికి పెద్ద తుఫాను వచ్చిన ఏటికి ముందటేడు, ఆ గుడ్డి వెలుగులో ఒక గేదె కనబడక గుంటలో పడ్డాడు. బుట్టలు ఒలికిపోయి ఆరోజు రైలు తప్పింది. వారం తిరక్కుండా మళ్లీ తప్పింది.

"నీ మీద కోపం ఏటీ లేదు తవిటయ్యా," అన్నాడట వైకుంఠరావు. "ఆటోవోడు రోజూ అడుగుతున్నాడు. ఇంకొక్కసారి రైలు తప్పితే సరుకు ఆడికే ఒప్పజెప్పేస్తాను."

ఇంటికొచ్చి చెబితే మా బావగారు ముత్యాలు నవ్వాడు. "పోతే పోనీరా. పడవలో నీ సోటు ఉంది. తల తిరిగితే పడుకో. బరువుకైనా పనికొస్తావు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ పూట మాత్రం అన్నం కెలికి లేచిపోయాడు.

గంజాంలో బండ్లకి వైరింగు చేసే ధర్మలింగం ఉన్నాడు. మాకు చుట్టం కాదు గాని ఆయన్ని బావా అని, నన్ను అక్క వరసలో అప్పా అని పిలుస్తాడు. పన్నెండు వోల్టులకి మార్చేస్తే దీపం ఎప్పుడూ ఒకేలా ఉంటుందన్నాడు. కావలసినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. నేనూ మా ఆయనా బరంపురం వెళ్లి తెచ్చాం. బస్సులో బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పసిబిడ్డని ఎత్తినట్టు పైకెత్తి పట్టుకున్నాడు. తక్కినవన్నీ నా కొంగులో ఉన్నాయి.

ధర్మలింగం ఒక రోజంతా కూర్చుని అన్నీ బిగించాడు. తాళం తిప్పితే దీపం ముందుకన్నా గుడ్డిగా వెలిగింది. హారను జలుబు చేసిన మేకపిల్లలా అరిచింది.

"పన్నెండు అంటే ఇదేనా?" అన్నాడు మా ఆయన.

ధర్మలింగం విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. కొత్త సామాన్లన్నీ బాగానే ఉన్నాయి. ఆ రెండు రోజులూ మా ఆయన తమ్ముడి సైకిలు మీద బుట్టలు కట్టుకుని ముందురోజు సాయంత్రమే బయలుదేరాడు. రైలు తప్పలేదు గాని మోకాళ్లు వాచిపోయాయి. మూడో రోజు నేను ఆయనకి అన్నం క్యారేజీ తీసుకుని గంజాం వెళ్లేసరికి, ధర్మలింగం సీటు కింద ఒక మర విప్పి వేలు వాసన చూస్తున్నాడు.

"బావా, ఏటిది?"

"గుగ్గిలం."

"ఎక్కడెక్కడ పూసినావు?"

"పడవకి ఎక్కడ పూస్తాం? అంతటానూ."

ధర్మలింగం నేల మీద చతికిలబడ్డాడు. "కరెంటు బ్యాటరీలోంచి ఎల్లి దీపం ఎలిగించి, ఈ ఇనుము మీదుగా తిరిగి ఇంటికి రావాల బావా. నువ్వు తలుపేసి గడియ పెట్టీసినావు. ఇన్నేళ్లూ ఏ సందులోంచో దూరి వచ్చింది పాపం." నా వైపు తిరిగాడు. "అప్పా, నువ్వయినా సెప్పలేదా?"

"నా మిషనుకి పూసినప్పుడే సెప్పినాను," అన్నాను.

ముగ్గురం గరుకు కాగితాలు తీసుకుని, తీగలు చట్రాన్ని తాకే చోట్లన్నీ గీకాం. ఆయన తన ఒంటి మీది చర్మం గీకుతున్నట్టు మొహం పెట్టాడు. పొద్దు వాలేవేళకి తాళం తిప్పాడు. ఎదుటి గోడ మీద పిడకల మధ్య చీమలబారు కనబడింది. హారను కొడితే ధర్మలింగం కోళ్లు చూరెక్కాయి.

మర్నాడు ఆ వెలుగు సరుగుడు తోట దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చాక అడిగాను. "వైకుంఠరావు ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. తూకం ఏసుకున్నాడు."

అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆ తరవాత పందొమ్మిదేళ్లు ఖల్లికోట సరుకు ఆయనే మోశాడు. పడవెక్కమని ఎవరూ అనలేదు.

తీగలన్నిటినీ సీటు కింద ఒక్కచోటికి చేర్చి, ఆ అరచేయంత చోటుకి మాత్రం పూయొద్దని ధర్మలింగం గట్టిగా చెప్పాడు. ఉప్పుగాలికి అది వారానికే తుప్పు పట్టేది. ఆయన వారం వారం కూర్చుని గీకేవాడు. "ఇంత బండిలో ఈ సోటొక్కటే సముద్రానికి ఒదిలేసినాను," అని గొణిగేవాడు.

పోయిన వానాకాలం జ్వరంతో ఆయన పోయాడు. మొన్న పడవలకి కాచినప్పుడు మా బావగారు ఒక గిన్నెడు గుగ్గిలం నూనె నేను అడక్కుండానే తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లాడు. బండికంతా పూశాను, ఆ అరచేయంత చోటు వదిలి.

ధర్మలింగం నెలకోసారి బ్యాటరీ చూడడానికి వస్తాడు. వాకిట్లోంచే అడుగుతాడు.

"అప్పా, గీకినావా?"

"గీకినాను," అంటాను.